గుర్రం పోయాక వచ్చిన సీటు

1878లో బర్మింగ్‌హామ్‌లో ఒక తోలు వ్యాపారి గుర్రం చచ్చిపోయింది. ఇంకోటి కొనే స్తోమత లేదు. పనికి వెళ్ళక తప్పదు కాబట్టి ఎవరిదో సైకిలు అడిగి తెచ్చుకుని ఎక్కాడు. దిగేసరికి ఆయనకు రెండు సంగతులు తెలిసొచ్చాయి: బండి బాగుంది, కూర్చునే చోటు మాత్రం ప్రాణం తీస్తోంది. ఆయన పేరు జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్. గుర్రాల జీనులు, కళ్ళేలు, తోలు పట్టీలు చేసి అమ్మే వ్యాపారం 1866 నుంచీ ఆయనకుంది. ఊళ్ళో వాళ్ళంతా తన సరుకు మీద దర్జాగా తిరుగుతుంటే తాను కొయ్యలాంటి సీటు మీద నలిగిపోవడం ఆయనకు చిన్నతనంగా కూడా తోచి ఉండాలి. నాలుగేళ్ళు కుస్తీ పట్టి, 1882 అక్టోబరు 28న సైకిలు సీటుకు తన మొదటి పేటెంటు దరఖాస్తు పెట్టాడు.

ఇది బ్రూక్స్ కంపెనీ తన గురించి తాను చెప్పుకునే కథ. ఇంటింటి కథల్లాగే దీనికీ కాలం కొంత మెరుగు పెట్టి ఉండొచ్చు. గుర్రం సంగతి ఎలా ఉన్నా, సీటు సంగతి మాత్రం నిజం. ఆ పేరుతో తోలు సీట్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

ఇంగ్లీషులో గుర్రానికి వేసేదాన్నీ సైకిలుకు బిగించేదాన్నీ ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో గుర్రానిది జీను, సైకిలుది సీటు. సీటు అనగానే సినిమా హాలు, బస్సు, సోఫా కళ్ళ ముందుకొస్తాయి. అక్కడే ఉంది చిక్కంతా. సోఫాలో మనిషి బరువంతా దించేసి చేరగిలబడతాడు. జీను మీద అలా కుదరదు. రికాబుల్లో పెట్టిన కాళ్ళు కొంత బరువు మోస్తాయి, తొడలు కొంత పట్టు ఇస్తాయి, మిగిలిందే నడుము కిందకు దిగుతుంది. రోడ్ బైకు మీదా అంతే. పెడళ్ళ మీద కాళ్ళు, వంపు హ్యాండిలు మీద చేతులు, మధ్యలో విల్లులా వంగిన నడుము. పైగా కాళ్ళు ఊరుకోవు. నిమిషానికి 80 తిప్పుల చొప్పున గంటకు 4,800 సార్లు తొడ సీటు పక్కనుంచి కిందికీ పైకీ ఆడుతుంది. అక్కడ సోఫా అంత వెడల్పు పెడితే ఊరు దాటేలోపే తొడలు ఒరుసుకుపోతాయి. సీటు ముందు భాగం సన్నగా ముక్కులా సాగి ఉండేది అందుకే. సైకిలు సీటు చరిత్ర అంతా ఒక రకంగా ఇది కుర్చీయా, జీనా అన్న తగువే.

మొదటి బండికి పెడళ్ళే లేవు. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ తన కొయ్య బండిని కాళ్ళతో నేలను తన్నుకుంటూ నడిపాడు. దాని మీద మెత్త వేసిన సన్నని పీట ఉండేది. కాళ్ళు నేల మీదే ఆడుతున్నాయి కాబట్టి బరువు ఒక్కచోటే పడి ఉండేది కాదు. 1860ల్లో పారిస్‌లో మిషో బండి వచ్చింది. ముందు చక్రానికే పెడళ్ళు. కాళ్ళు నేలను వదిలేశాయి, బరువు సీటు మీదకు వచ్చింది. చక్రాలు కొయ్యవి, వాటికి ఇనప పట్టా, కింద రాళ్ళు పరిచిన వీధి. సీటును పొడవాటి ఉక్కు పట్టీ మీద కూర్చోబెట్టారు. లారీల కింద కనిపించే కమాను కట్టకు అది దగ్గరి చుట్టం. అయినా ఇంగ్లండులో ఆ బండికి స్థిరపడిన పేరు ‘బోన్‌షేకర్’, అంటే ఎముకలు కుదిపేసేది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద చక్రం సైకిలు చూడ్డానికి సర్కసు వాళ్ళదిలా ఉన్నా, కుదుపును బాగానే మింగేది. చక్రం పెద్దదైతే గుంత చిన్నదవుతుంది. 1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలుతో రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తుకు దిగాయి. మనిషి కింద పడి మెడ విరగ్గొట్టుకోవడం తగ్గింది, కుదుపులు మాత్రం తిరిగొచ్చాయి. సీట్ల కింద రకరకాల స్ప్రింగులు మొలిచాయి. మూడేళ్ళకే, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ డన్‌లప్ గాలి టైరు చేశాడు. రోడ్డు కుదుపు చాలావరకు టైరులోనే ఆగిపోయింది. ఇక సీటు తేల్చుకోవలసింది రోడ్డుతో కాదు, మనిషి ఒంటితో.

ఆ లెక్క తేల్చడానికి బ్రూక్స్ ఎంచుకున్నది తోలు. 1890ల్లో వచ్చిన బి17 అనే సీటు ఆకారంలో పెద్ద మార్పు లేకుండా నూరేళ్ళు దాటి నిలిచింది. విప్పి చూస్తే లోపల ఏమీ ఉండదు. దూది లేదు, స్పాంజి లేదు, జెల్ లేదు. ఉన్నదల్లా అయిదారు మిల్లీమీటర్ల మందం ఉన్న ఒకే ఒక ఆవుతోలు ముక్క. చెట్ల బెరడు సారంతో పదును చేసిన తోలు అది. తెలుగు నేల మీద తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసిన పద్ధతిదీ ఇదే కోవ. ఆ ముక్కను నీళ్ళలో నానబెడతారు. మెత్తబడ్డాక లోహపు అచ్చు మీద వేసి నొక్కుతారు. ఆరాక అంచులు కోసి, కోసిన అంచును ఏటవాలుగా చెక్కుతారు, తొడకు గుచ్చుకోకుండా. తర్వాత వెనక ఇనప చట్రానికీ ముందు ముక్కుకీ రివెట్లతో బిగిస్తారు. ఖరీదైన రకాలకు పెద్ద రాగి రివెట్లు పెట్టి, వాటి తలలను చేత్తోనే సుత్తితో కొడతారు. ఈ రెండు కొసల మధ్య తోలు కింద ఏ ఆధారమూ ఉండదు.

నులక మంచం ఎరిగినవాళ్ళకు దీన్ని ఇంకా వివరించక్కర్లేదు. పట్టెల మధ్య బిగించిన అల్లిక మనిషి బరువుకు తగ్గట్టు లోపలికి దిగుతుంది, లేచాక మళ్ళీ తేరుకుంటుంది. వాడగా వాడగా మంచం కుక్కి అయితే కాళ్ళ వైపు తాడు లాగి బిగిస్తారు. బ్రూక్స్ సీటు సాగితే ముక్కు కింద ఉన్న నట్టును పానాతో కాస్త తిప్పుతారు. రెండింటికీ సూత్రం ఒకటే.

కొత్తలో మాత్రం అది రాయి. కిర్రు చెప్పులు కొత్తలో కరుస్తాయి, ఆముదం పట్టిస్తూ తొడుగుతూ ఉంటే నెమ్మదిగా పాదం అచ్చుకు వస్తాయి. ఈ సీటుదీ అదే వరస. కొవ్వు, మైనం కలిసిన లేపనం ఒకటి డబ్బాలో అమ్ముతారు. దాన్ని రాసి, వందల కిలోమీటర్లు ఓపిక పట్టి తొక్కాలి. అప్పటికి తోలు మీద రెండు చిన్న గుంటలు పడతాయి. అవి ఆ మనిషి కూర్చునే ఎముకల ముద్రలు, వేలిముద్రల్లాగే ఎవరివి వాళ్ళవి. అందుకే పాతకాలపు పందెగాళ్ళు సైకిలు మార్చినా సీటు మార్చేవాళ్ళు కాదు. కొత్త బండికి పాత సీటు విప్పి బిగించుకునేవాళ్ళు. ఫ్రాన్సులో ఇదియాల్ అనే కంపెనీ ఈ ఓపిక లేనివాళ్ళ కోసం ముందే మెత్తబరిచిన తోలు సీట్లు అమ్మింది. వానకు తడిస్తే తోలు సాగి పాడవుతుంది కాబట్టి మబ్బు పట్టగానే సీటుకు తొడుగు వెతుక్కోవడం ఈ సీట్ల వాళ్ళకు అలవాటు.

ఆ ఎముకలేవో ఇక్కడే చెప్పాలి. గట్టి అరుగు మీద కాసేపు కూర్చుంటే పిరుదుల అడుగున రెండు గట్టి మొనలు నొక్కుకోవడం తెలుస్తుంది. కటి ఎముకకు అడుగు కొసలు అవి. ఒంటి బరువు మోయడానికి పుట్టినవి అవే. వాటి మధ్య ఉన్న మెత్తని భాగం బరువు మోయడానికి కాదు, అందులోంచి నరాలు, రక్తనాళాలు వెళ్తాయి. బరువు మొనల మీద ఉన్నంతసేపు నొప్పి ఉంటే నొప్పే, తట్టుకుంటే పోతుంది. మధ్యకు జారితే తిమ్మిరి వస్తుంది, అది తట్టుకోవలసినది కాదు. సమస్యంతా ఈ నాలుగు వాక్యాల్లో ఉంది. అయినా పరిశ్రమకు ఇది పూర్తిగా ఎక్కడానికి నూరేళ్ళు పట్టింది.

ఎక్కలేదు అనడం కొంత అన్యాయమే. 1890ల్లో అమెరికాలో, ఐరోపాలో సైకిలు పిచ్చి ముదిరినప్పుడు ఆడవాళ్ళు కూడా బండ్లెక్కారు, వెంటనే డాక్టర్లకు, నీతి పెద్దలకు కలిసి కంగారు పుట్టింది. సీటు ముక్కు ఆడవాళ్ళకు ఎక్కడ తగులుతుంది, తగిలితే ఏమవుతుంది అని వైద్య పత్రికల్లో వ్యాసాలకు వ్యాసాలు నడిచాయి. వాటిలో సగం వైద్యం, సగం పరువు భయం. ఆ భయాన్ని సొమ్ము చేసుకోవడానికి ‘ఆరోగ్య సీట్లు’ బయల్దేరాయి. అమెరికాలో స్పాల్డింగ్ కంపెనీ అమ్మిన క్రిస్టీ సీటుకు రెండు ఎముకల కింద రెండు వేరువేరు మెత్తలు, మధ్యలో ఖాళీ. దాని ప్రకటనల్లో కటి ఎముక బొమ్మ వేసి మరీ చూపించారు, మామూలు సీటు మీద ఎముక ఎలా కూర్చుంటుందో, తమ సీటు మీద ఎలా కూర్చుంటుందో. ముక్కే లేకుండా రెండు దిండ్లలా చీలిన సీట్లు కూడా అప్పుడే వచ్చాయి. భయం వట్టిదే, కొలత మాత్రం సరైనది. ఆ తర్వాత సైకిలు జోరు తగ్గింది, భయం మాసిపోయింది, దాంతో పాటే మంచి ఆలోచనా మూలన పడింది.

భారతదేశానికి వచ్చిన సైకిలు వేరే రకం. రాలీ, హెర్క్యులిస్, బీఎస్‌ఏ వంటి పేర్లు ఇంగ్లండు నుంచి ముందు ఓడల మీద దిగాయి, తర్వాత ఇక్కడే తయారయ్యాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో పుట్టింది, లూధియానాలో హీరో 1956లో సైకిళ్ళు మొదలుపెట్టింది. ఆ నల్ల సైకిలు మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు, కాబట్టి ఒంటి బరువు ఇంచుమించు మొత్తం సీటు మీదే. దానికి వెడల్పాటి తోలు సీటు, కింద లావుపాటి చుట్టల స్ప్రింగులు. పాలవాళ్ళు, తపాలా బంట్రోతులు, బడిపంతుళ్ళు జీవితమంతా దాని మీదే తిరిగారు. తోలు పోయి రెక్సిన్ వచ్చింది, దాని మీద కుచ్చుల కవరు వచ్చింది. అద్దె సైకిళ్ళ షాపులో సీటు ఎత్తు తగ్గించమంటే పానా కోసం వెతకడం, సీటు అందని పిల్లలు బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కడం ఒక తరానికి మరిచిపోలేని సంగతులు. ఆ బండికి ఆ సీటు సరైనదే. తగువు మొదలయ్యేది ఆ సీటు జ్ఞాపకంతో రోడ్ బైకు ఎక్కినప్పుడు.

రోడ్ బైకు పుట్టింది పందెం కోసం. పందెం చరిత్రలో సీటు పేరు కనిపించేది ఎక్కువగా పుండ్ల దగ్గరే. చెమట, రాపిడి, మురికి కలిసి తొడల మధ్య గడ్డలు లేస్తాయి. రోజుకు ఆరేడు గంటలు, మూడు వారాలు తొక్కే టూర్ ద ఫ్రాన్స్‌లో గడ్డ మానడానికి వ్యవధి ఉండదు. పాత రోజుల్లో నిక్కరు లోపల మేకతోలు లాంటి మెత్తని తోలు ముక్క కుట్టి, దానికి లేపనం పూసుకుని ఎక్కేవాళ్ళు. కొందరు పచ్చి మాంసం ముక్క పెట్టుకునేవాళ్ళని కూడా చెప్పుకుంటారు, నమ్మడం నమ్మకపోవడం చదువరి ఇష్టం. 1955లో ఫ్రాన్సు వీరుడు లూయిజోన్ బోబే వరసగా మూడో టూర్ గెలిచాడు, పుండుతోనే. పందెం అయ్యాక ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. మళ్ళీ టూర్ గెలవలేదు.

బెల్జియం రారాజు ఎడ్డీ మెర్‌క్స్ కథ ఇంకో రకం. 1969 సెప్టెంబరులో ఫ్రాన్సులోని బ్లువాలో ట్రాక్ మీద పెద్ద ప్రమాదం జరిగింది. ఆయన ముందు మోటారు బండి నడుపుతున్న ఫెర్నాన్ వాంబ్స్ట్ అక్కడికక్కడే చనిపోయాడు. మెర్‌క్స్ బతికాడు కానీ కటి ఎముక కాస్త మెలితిరిగింది. అప్పటి నుంచి ఏ ఎత్తులో కూర్చున్నా ఒళ్ళు ఒప్పుకోలేదు. పానా దగ్గరే ఉంచుకునేవాడు, పందెం నడుస్తుండగా కూడా సీటు ఎత్తు సరిచేసుకునేవాడు. ప్రపంచంలో ఎవరికీ దొరకనన్ని విజయాలు దొరికిన మనిషికి హాయిగా కూర్చునే చోటు మాత్రం దొరకలేదు.

పుండు కథల్లో అన్నిటికన్నా పేరు పడ్డది 1989 జూలై 23 నాటిది. టూర్ చివరి రోజు. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరూ విడివిడిగా గడియారంతో పోటీ పడాలి. ఫ్రాన్సుకు చెందిన లొరాన్ ఫిన్యోన్ 50 సెకన్ల ఆధిక్యంతో ఉన్నాడు. అంత దూరంలో అన్ని సెకన్లు పోగొట్టుకోవడం జరిగే పని కాదని ఫ్రాన్సు అంతా నమ్మింది. ఆయన తొడల మధ్య పుండు సంగతి ఫ్రాన్సుకు తెలీదు. ముందు రోజుల్లో లేచిన ఆ పుండుతో రాత్రి నిద్ర లేదు, కూర్చోవడమే నరకం. అవతల అమెరికా వాడు గ్రెగ్ లెమాండ్ ముందుకు సాగిన కొత్త రకం హ్యాండిలు మీద చేతులు జోడించి బాణంలా దూసుకుపోయాడు, గంటకు సగటున 54.5 కిలోమీటర్లు. మూడు వారాల పందెం, 3,285 కిలోమీటర్లు. ఫిన్యోన్ ఓడింది 8 సెకన్లతో. తప్పంతా పుండు మీద వేయడం న్యాయం కాదు. లెమాండ్ హ్యాండిలుకు అందులో పెద్ద వాటా ఉంది, గాలికి ఎగిరిన ఫిన్యోన్ పిలక జుట్టుకు కూడా ఎంతో కొంత ఉందని లెక్కలు కట్టినవాళ్ళున్నారు. కానీ సరిగ్గా కూర్చోలేని మనిషి గడియారంతో పోటీ పడ్డాడన్నది మాత్రం ఆ లెక్కల్లో తరచూ జారిపోతుంది.

ఈ మధ్యలో సీటు తోలును వదిలేసింది. ఆ పని చేసింది ఇటలీ. చినో చినెల్లి స్వయంగా పందెగాడు, 1943లో మిలాన్–సాన్ రేమో గెలిచినవాడు. తర్వాత సైకిలు భాగాల వ్యాపారంలోకి వచ్చి 1962లో యూనికానిటోర్ అనే సీటు తెచ్చాడు. ప్లాస్టిక్ పెంకు సీట్లకు అదే మొదలు. మొదట్లో దాని మీద తోలు కూడా లేదు, ఒట్టి పెంకే. వానకు చెడదు, సాగదు, నెలల తరబడి మచ్చిక చేసుకోనక్కర్లేదు. బరువు కూడా తక్కువ. అర కిలో దాటే బి17 పక్కన పెడితే పందెగాళ్ళకు ఇంకేం కావాలి? తర్వాత ఆ పెంకు మీద పలచటి స్పాంజి, దాని మీద తోలు తొడుగు వచ్చాయి. నేడు అమ్ముడయ్యే సీట్లలో చాలా భాగం ఆ మూడు పొరల వంటకమే. సెల్లే ఇటాలియా, సెల్లే సాన్ మార్కో వంటి ఇటలీ కంపెనీలు ఆ తర్వాతి దశాబ్దాలను ఏలాయి. 1990లో టైటానియం కడ్డీలతో వచ్చిన సెల్లే ఇటాలియా ఫ్లైట్ సుమారు 200 గ్రాములకు దిగింది.

పోయింది మాత్రం ఒకటుంది. తోలు మనిషికి తగ్గట్టు మారేది, ప్లాస్టిక్ మారదు. మనిషే తనకు సరిపోయే ఆకారం వెతుక్కోవాలి. కొన్న సీటు, నచ్చక పెట్టెలో పడేసిన సీటు, మళ్ళీ కొన్న సీటు అనే వరస అక్కడ మొదలైంది. ఈ వెతుకులాటను సొమ్ము చేసుకోవడానికి 1980ల్లో జెల్ వచ్చింది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగే సీటు, షాపులో చేత్తో నొక్కి చూసే గిరాకీకి దానంత ఒప్పించే మాట ఇంకోటి లేదు. కానీ మనిషి కూర్చునేది బొటనవేలితో కాదు. మెత్త మరీ మెత్తనైతే ఎముకలు అందులో కూరుకుపోతాయి, కూరుకుపోయిన చోటి నుంచి మెత్త మధ్యకు ఉబికి, ఎక్కడ తగలకూడదో సరిగ్గా అక్కడే పైకి పొడుస్తుంది. పది కిలోమీటర్లకు స్వర్గం, యాభైకి తిమ్మిరి.

ఆ తిమ్మిరి గురించి బహిరంగంగా మాట్లాడించింది 1997. బోస్టన్ విశ్వవిద్యాలయంలో మూత్రవ్యవస్థ డాక్టరు అర్విన్ గోల్డ్‌స్టైన్, సైకిలు సీటు మగవాళ్ళ దాంపత్య శక్తిని దెబ్బ తీస్తుందని ఒక సైకిలు పత్రికలో చాలా కటువుగా హెచ్చరించాడు. వందేళ్ళ క్రితం ఆడవాళ్ళకు పెట్టిన భయం ఇప్పుడు మగవాళ్ళ వంతుకు వచ్చింది. మరుసటి ఏడే స్పెషలైజ్డ్ కంపెనీ, విమాన పైలట్ల సీట్ల మీద పని చేసిన డాక్టర్ రోజర్ మింకౌ చేత గీయించిన సీటును విడుదల చేసింది. వెనక నుంచి మధ్య దాకా చీలిక. నిజానికి అమెరికాలో మెకానికల్ ఇంజినీరు జార్జీనా టెర్రీ ఆడవాళ్ళ సీటు మధ్యలో స్పాంజి తీసేసి అంతకు కొన్నేళ్ళ ముందే అమ్మింది. ఆడవాళ్ళు అడిగినప్పుడు ప్రత్యేక వస్తువుగా కనిపించినది మగవాళ్ళు బెదిరాక ప్రపంచ ప్రమాణం అయిపోయింది. ఈ వరసను చరిత్రకారులు ఇంకొంచెం నవ్వుతూ రాయవలసి ఉంది.

భయం సంగతి అలా ఉంచితే ఈసారి కొలతలు నిజంగానే తీశారు. 2002లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధనలో 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళను నాలుగు రకాల సీట్ల మీద కూర్చోబెట్టి, మర్మాంగానికి అందే ప్రాణవాయువు ఎంత తగ్గుతుందో చూశారు. సన్నగా ఉండి బాగా మెత్త వేసిన సీటు మీద 82 శాతం తగ్గింది. వెడల్పుగా ఉండి మెత్తే లేని తోలు సీటు మీద 64 శాతం. ముక్కు లేని వెడల్పాటి సీటు మీద 20 శాతం. మెత్త ఎక్కువైనదే అన్నిటికన్నా వెనకబడింది. అమెరికాలో పోలీసులు సైకిళ్ళ మీద గస్తీ తిరుగుతారు. వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ 90 మంది గస్తీ పోలీసులకు ఆరు నెలలు ముక్కు లేని సీట్లు ఇచ్చి 2008లో ఫలితం ప్రకటించింది. తిమ్మిరి ఉందన్నవాళ్ళు 73 శాతం నుంచి 18 శాతానికి దిగారు. మళ్ళీ పాత సీటు అడిగింది ముగ్గురు.

అంత బాగుంటే లోకమంతా ముక్కు కోసేయలేదేం? ముక్కుకు వేరే పని ఉంది. మలుపులో తొడతో బండిని అదుపు చేసేది ముక్కుతోనే. జోరు పెంచాలంటే పందెగాడు ముందుకు జరిగేదీ దాని మీదకే. పైగా పందేల పాలక సంస్థ యూసీఐ లెక్క ప్రకారం సీటు పొడవు 24 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 30 దాటకూడదు. చివరికి రాజీ కుదిరింది. 2015లో వచ్చిన స్పెషలైజ్డ్ పవర్ సీటుకు ముక్కు ఉంది, కానీ పొట్టిది. మధ్యలో పెద్ద చీలిక. దాన్ని చూసి మిగిలిన కంపెనీలన్నీ పొట్టి ముక్కుల దారి పట్టాయి. 1890ల క్రిస్టీ ప్రకటన పక్కన దాన్ని పెట్టి చూస్తే పోలిక దాచినా దాగదు.

మెత్త విషయంలో కొత్త మలుపు ప్రింటర్ నుంచి వచ్చింది. 2020 ప్రాంతంలో ఫిజిక్, స్పెషలైజ్డ్ కంపెనీలు స్పాంజికి బదులు త్రీడీ ప్రింటరుతో తేనెపట్టులా అల్లిన మెత్త తెచ్చాయి. ఎముకల కింద అల్లిక బిగువుగా, మధ్యలో వదులుగా, ఒకే ముక్కలో చోటుకో తీరు. నులక మంచం నేసేవాడికి చూపిస్తే పెద్దగా ఆశ్చర్యపోడు. ధర వింటే మాత్రం పోతాడు, ఆ డబ్బుతో మామూలు సైకిళ్ళు రెండు మూడు వస్తాయి.

దూరం తొక్కేవాళ్ళ లోకంలో తీర్పు ఇంకా తేలలేదు. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చే 1,200 కిలోమీటర్ల యాత్ర 1891లో మొదలైంది. మొదటిసారి గెలిచిన షార్ల్ తెరోంకు 71 గంటల 22 నిమిషాలు పట్టింది. ఇప్పుడది పందెం కాదు, నాలుగేళ్ళకోసారి జరిగే సహనయాత్ర, గరిష్ఠ గడువు 90 గంటలు. దానికి అర్హత కోసం 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువు లోపల ముగించాల్సిన యాత్రలు, తొక్కాలి. 200కు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు. ఇలాంటి బ్రెవేలు హైదరాబాద్‌లోనూ జరుగుతున్నాయి, హైదరాబాద్ రాండనర్స్ అనే క్లబ్బే ఉంది. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచాక తెల్లవారుజామున రోడ్ బైకులు తొక్కేవాళ్ళకు ఒక అడ్డా దొరికింది. దూరం తొక్కే ఇలాంటి గుంపుల్లో నిలబడి చూస్తే సీట్ల చరిత్ర మొత్తం కనిపిస్తుంది. ఒకరిది పొట్టి ముక్కు, ఒకరిది నిగనిగలాడే బ్రూక్స్ తోలు, కొత్తగా చేరినవాళ్ళ సీట్ల మీద జెల్ కవరు. ఆ కవరు సాధారణంగా మూడు నెలల కన్నా ఎక్కువ బతకదు.

తోలు కంపెనీ సంగతి ముగించాలి కదా. బ్రూక్స్ 1921లో చనిపోయాడు. 1958లో ఆయన కంపెనీని రాలీ కొనుక్కుంది. ఆ సామ్రాజ్యం కూలాక బ్రూక్స్ కంపెనీ 2000లో దివాలా దాకా వెళ్ళి బయటపడింది. 2002లో ఇటలీకి చెందిన సెల్లే రోయాల్ కొన్నది, జెల్ సీట్లకు పేరుపడ్డ కంపెనీ. అంటే నులక మంచాన్ని సోఫా వాళ్ళు కొన్నారు. కొన్నాక కూడా తోలు సీట్ల పని బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లోనే సాగించారు. 2013లో అదే పేరుతో రబ్బరు, నూలు బట్ట కలిపి కాంబియం అనే సీటు తెచ్చారు. తోలులాగే కింద ఆధారం లేకుండా ఊగుతుంది, వానకు బెదరదు, మచ్చిక అక్కర్లేదు.

ఇప్పుడు రోడ్ బైకుల మంచి షాపుల్లో సీటు అమ్మే ముందు కొలత తీస్తారు. ఎముకల రెండు మొనల మధ్య దూరం మనిషిని బట్టి సుమారు 10 నుంచి 14 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు సగటున కొంచెం ఎక్కువ. సీటు దానికి రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పుగా ఉంటే చాలు. అందుకే ఒకే సీటు 143, 155, 168 మిల్లీమీటర్ల రకాల్లో దొరుకుతుంది. మనిషి లావు, సన్నం చూసి ఈ కొలత చెప్పలేం. సీటు చదునుగా ఉండాలి, ముక్కు పైకి లేస్తే ఎంత ఖరీదైన సీటైనా తిమ్మిరే. ఎత్తు సరిగా లేకపోయినా నింద సీటు మీదే పడుతుంది. పెడలు అడుగుకు దిగినప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి, ఇది పాతకాలపు గుర్తే అయినా మొదటి అంచనాకు పనికొస్తుంది.

షాపులో కొలిచే పరికరం లేకపోయినా దిగులు పడక్కర్లేదు. టీవీనో ఫ్రిజ్జో వచ్చిన అట్టపెట్టెలోంచి ఒక ముక్క కోసి గట్టి బల్ల మీద వేయండి. పలచటి నిక్కరుతో దాని మీద కూర్చుని, పాదాల కింద ఎత్తు పెట్టుకుని, హ్యాండిలు పట్టుకున్నట్టు ముందుకు వంగి ఒక నిమిషం ఉండండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడిమధ్యల నుంచి స్కేలుతో కొలిచి ఆ అంకె రాసుకుని, అప్పుడు షాపుకు వెళ్ళండి.